కుతకుత అంటే ఏమిటి?



యూనిట్ పరీక్షలో 'మా ఇల్లు' వ్యాసంలో నేను 'పొయ్యి మీద జావ కుతకుత ఉడుకుతూ ఉంటుంది' అని రాశాను. దిద్దినవాళ్లు కుతకుత కింద ఎర్ర గీత గీసి, పక్కన 'గ్రామ్యం' అని రాశారు. నాకు సిగ్గేసింది. ఆ మాట మా అమ్మమ్మది. మేము కొండరెడ్లం, ఇంట్లో తెలుగే మాట్లాడతాం. బడికి వచ్చినదాన్ని మా ఇంట్లో నేనే మొదలు. మరి అమ్మమ్మ మాట తప్పేనా అని లైబ్రరీలో వెతికాను. తెలిసింది మీకు చెప్తాను.

కుతకుత అంటే ఉడికేటప్పుడు వచ్చే చప్పుడు. మా గూడెంలో అన్నిటికీ కుతకుత అనరు. ఉత్త నీళ్లు కాగితే సలసల. జావ, పప్పు ఉడికితే కుతకుత. వాగులో ఆనపకాయ బుర్ర ముంచితే, లోపలి గాలి బయటికి వస్తూ బుడబుడ.

ఎందుకు ఇన్ని రకాలు? నీళ్లు పలచన. ఆవిరి బుడగలు గబగబా పైకి వచ్చి పగులుతాయి. జావ చిక్కన. ఆవిరి తొందరగా పైకి రాలేదు. అడుగున ఉబ్బి ఉబ్బి, బలం వచ్చాక జావని చీల్చుకుని వస్తుంది. అందుకే కలపకపోతే చేతి మీద చిందుతుంది. మా అమ్మమ్మకి చూపు ఆనదు. కుతకుత తగ్గితే మంట తగ్గిందని చెవితోనే తెలుసుకుని కట్టె ఎగదోస్తుంది.

ఇలా చప్పుడు నుంచి పుట్టిన మాటల్ని ధ్వన్యనుకరణ పదాలు అంటారు. చప్పుడు ఆగకుండా వస్తుంది కాబట్టి మాట కూడా రెండుసార్లు వస్తుంది. రాయి ఒక్కసారే మునుగుతుంది, అందుకని 'బుడుంగు' అని ఒక్కసారే అంటాం. మరగడాన్ని కన్నడంలో 'కుది' అంటారు, తమిళంలో 'కొది' అంటారు. వింటే మన కుతకుతకి చుట్టాల్లాగే ఉన్నాయి.

లోపల కోపం పెట్టుకున్న మనిషిని కూడా 'కుతకుత ఉడికిపోతున్నాడు' అంటారు. పైకి అరవడు, లోపలే ఉడుకుతాడు. ఎర్ర గీత చూసిన రోజు నేనూ అంతే!

పద్యాల్లో నీటి బుడగని 'బుద్బుదం' అంటారు. అది సంస్కృతం. జీవితం బుద్బుదప్రాయం అంటే బుడగలాగా ఇట్టే పగిలిపోయేది అని. చాలా పెద్ద మాట అనుకుంటాం. కానీ ఒకసారి పైకి చదవండి. బుద్, బుద్! అదీ నీళ్ల చప్పుడే. దాన్ని ఎవరూ గ్రామ్యం అనరు.

ఇక అసలు సంగతి. బ్రౌన్ దొర తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో అచ్చయింది. అందులో కుతకుత ఉంది! ఉడికేటప్పుడు అయ్యే ధ్వని అనే అర్థమే ఇచ్చారు.

నాకు పోయిన మార్కు రాలేదు. ఫరవాలేదు. సంక్రాంతి సెలవులకి ఇంటికి పోయి పొయ్యి దగ్గర కూర్చుని చెప్తాను, 'అమ్మమ్మా, నీ మాట పుస్తకంలో ఉంది' అని. ఆమెకి చదువు రాదు. నేనే చదివి వినిపిస్తాను.

మీ ఇళ్లలో కుండ ఏమని ఉడుకుతుంది? మీ భాషలో మాట రాసి ఇవ్వండి. వచ్చే గోడపత్రికలో అన్నీ కలిపి రాద్దాం.

– 9వ తరగతి విద్యార్థిని