విజువల్ బేసిక్ 6.0 నవీకరణ

విజువల్ బేసిక్ 6.0 అనేది విండోస్ కంప్యూటర్లలో పనిచేసే అనువర్తనాలను తయారు చేయడానికి మైక్రోసాఫ్ట్ సంస్థ 1998లో విడుదల చేసిన సాఫ్టువేరు. దీని మొదటి కూర్పు 1991లో వెలువడింది. బొత్తాలు, పెట్టెలు వంటి భాగాలను మౌసుతో తెరపై అమర్చి, వాటికి బేసిక్ భాషలో ఆదేశాలు వ్రాసే పద్ధతి వలన కొత్తవారు సైతం దీనిని త్వరగా నేర్చుకోగలిగారు. దీనిలో వ్రాసిన ప్రోగ్రాములను తరువాతి సాధనమైన విజువల్ బేసిక్ డాట్ నెట్‌కు మార్చడాన్ని నవీకరణ అంటారు. పేరుకు నవీకరణే అయినా ఆచరణలో ఇది చాలావరకు తిరిగి వ్రాయడమే.

మద్దతు ముగింపు

సాధారణ మద్దతు 2005 మార్చి 31న, పొడిగించిన మద్దతు 2008 ఏప్రిల్ 8న ముగిశాయి. పాత భాషను కొనసాగించాలని 2005లో పలువురు నిపుణులు సంతకాలతో విజ్ఞప్తి చేసినా ఫలితం లేకపోయింది.

ప్రోగ్రాము వ్రాసే సాధనం వేరు, వ్రాసిన ప్రోగ్రామును నడిపించే రన్‌టైమ్ ఫైళ్ళు వేరు. మద్దతు ముగిసినది సాధనానికి. ప్రధానమైన రన్‌టైమ్ ఫైళ్ళు విండోస్ 11లో కూడా ఉన్నాయి. అందువలన పాత ప్రోగ్రాములు అనేకం నేటికీ నడుస్తున్నాయి. అయితే సాధనంలో దోషం బయటపడితే దిద్దుబాటు రాదు. 64 బిట్ల ప్రోగ్రాములను అది తయారు చేయలేదు.

భాషలో వచ్చిన మార్పులు

2002లో వచ్చిన డాట్ నెట్ కూర్పులో పాత పదాలే కొన్ని కొత్త అర్థాలను పొందాయి.

* సంఖ్యలు: పాత భాషలో ఇంటిజర్ 2 బైట్లు, లాంగ్ 4 బైట్లు. కొత్త భాషలో ఇవి వరుసగా 4, 8 బైట్లు. పాత ఇంటిజర్‌కు సమానమైనది షార్ట్. ఈ మార్పును గమనించక పాత దత్తాంశ ఫైలును చదివితే ప్రోగ్రాము ఆగిపోకుండానే తప్పుడు సంఖ్యలను చూపవచ్చు.
* వేరియంట్, కరెన్సీ రకాలు తొలగి వాటి స్థానంలో ఆబ్జెక్ట్, డెసిమల్ వచ్చాయి.
* పాత భాషలో ఒక వస్తువును వాడేవారెవరూ మిగలని వెంటనే అది తొలగిపోయేది. కొత్త భాషలో అది ఎప్పుడు తొలగుతుందో ముందుగా చెప్పలేము. కనుక ఫైళ్ళను, డేటాబేసు అనుసంధానాలను ప్రోగ్రాము వ్రాసేవారే మూసివేయాలి.

తెలుగు లిపి

విజువల్ బేసిక్ 6.0లోని సాధారణ పెట్టెలు అక్షరాలను విండోస్ కోడ్ పేజీ ప్రకారం చూపుతాయి. తెలుగుకు అటువంటి కోడ్ పేజీ లేనందున యూనికోడ్ తెలుగు అక్షరాల స్థానంలో ప్రశ్నార్థకాలు కనిపిస్తాయి. ఇంగ్లీషు అక్షరాల స్థానాలలో తెలుగు రూపాలను ఉంచిన ప్రత్యేక ఫాంట్లను వాడితే ఈ ఇబ్బంది రాదు. కాని అలా దాచిన పేర్లు, చిరునామాలు ఫాంటు మారగానే అర్థం లేని అక్షరాలవుతాయి. డాట్ నెట్ యూనికోడ్ తెలుగును నేరుగా చూపగలదు. అయితే పాత సమాచారాన్ని ముందుగా యూనికోడ్‌లోకి మార్చుకోవాలి.

నవీకరణ విధానం

విజువల్ స్టూడియో 2002 నుండి 2008 వరకు వచ్చిన కూర్పులలో పాత ప్రోగ్రామును మార్చే ఉపకరణం ఉండేది. 2010 కూర్పులో దానిని తొలగించారు. ఆ ఉపకరణం ఇంటిజర్‌ను షార్ట్‌గా మార్చడం వంటి పనులను తానే చేసి, చేయలేని చోట్ల వ్యాఖ్యలు వ్రాసి వదిలేది.

మార్పు మొదలుపెట్టక ముందే పాత ప్రోగ్రాము ఇచ్చే ఫలితాలను భద్రపరచడం అవసరం. ఒకే సమాచారాన్ని రెండు ప్రోగ్రాములకూ ఇచ్చి ఫలితాలను పోల్చితే, పైకి కనిపించని తప్పులు ఎక్కువగా బయటపడతాయి. ఆ సరిపోలిక పూర్తయ్యే వరకు పాత ప్రోగ్రామును తొలగించరాదు.