పసుపు కవరు: జర్మనీలో అద్దె బాకీ, అప్పు, సలహా

జర్మనీలో న్యాయస్థానం నుంచి వచ్చే ముఖ్యమైన కాగితాలు పసుపు రంగు కవరులో వస్తాయి. ఇంట్లో ఎవరూ లేకపోతే తపాలా ఉద్యోగి దాన్ని పోస్టుబాక్సులో వేసి, ఆనాటి తేదీని కవరు మీద రాసి వెళ్ళిపోతాడు. చట్టం లెక్కలో ఆ కాగితం ఆ రోజే అందింది. దాన్ని విప్పారా లేదా, అందులోని భాష అర్థమైందా లేదా అన్న ప్రశ్నలు తరవాతివి. గడువులన్నీ కవరు మీది తేదీ నుంచే మొదలవుతాయి. అందుకే అప్పుల సలహాదారులు లోపలి కాగితంతో పాటు కవరును కూడా తెమ్మంటారు.

ఆ కవరును విప్పకుండా బల్ల సొరుగులో పడేసే అలవాటు జర్మన్లలోనూ ఉంది. తెలుగువారి విషయంలో దానికి మరొక బరువు తోడవుతుంది. అప్పు మన ఊళ్ళలో బావమరిదితోనో చిట్టీల నిర్వాహకుడితోనో చీకటి పడ్డాక తేల్చుకునే వ్యవహారం. న్యాయస్థానం గడప ఎక్కిన అప్పుకు మన భాషలో ఉన్న పేరు ‘ఐ.పి. పెట్టడం’. అది 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం కింద వేసే పిటిషన్‌కు పొట్టిపేరు. చెల్లించలేనివాడికి ఊరట కల్పించిన చట్టం వాడుకలోకి వచ్చేసరికి తిట్టుగా మారింది. ఐ.పి. పెట్టినవాడంటే ఊరిని ముంచినవాడే. ఈ మాటను వెంటబెట్టుకుని జర్మనీ వచ్చిన మనిషికి, అక్కడ అప్పుల్లో పడ్డవారికి ఉచితంగా సలహా చెప్పే కార్యాలయం దాదాపు ప్రతి పట్టణంలోనూ ఉందంటే నమ్మబుద్ధి కాదు. నమ్మినా, అక్కడికి వెళ్ళాలంటే కాళ్ళు రావు.

కాని అద్దె బాకీ సిగ్గు తీరేదాకా ఆగదు. అద్దె నెలలో మూడవ పనిదినం లోపు చెల్లించాలి. వరసగా రెండు నెలల్లో కలిపి ఒక నెల అద్దెకు మించి బాకీ పడితే యజమాని ముందస్తు గడువు లేకుండానే ఒప్పందం రద్దు చేయవచ్చు. అంతకంటే ఎక్కువ కాలంలో కొద్దికొద్దిగా పేరుకున్న బాకీ రెండు నెలల అద్దెకు చేరినా అంతే. ఒక ఉదాహరణ తీసుకుందాం. అద్దె, నిర్వహణ ఖర్చుల అడ్వాన్సు కలిపి నెలకు 1,300 యూరోలు. ఉద్యోగం పోయిన కుటుంబం మార్చిలో 600, ఏప్రిల్‌లో 600 చెల్లించింది. బాకీ 1,400. ఒక నెల అద్దె దాటింది కనుక రద్దు నోటీసు పంపడానికి యజమానికి హక్కు వచ్చింది. అదే నెలకు 700 చొప్పున చెల్లించి ఉంటే బాకీ 1,200 దగ్గర ఆగేది, ఆ హక్కు అప్పటికి పుట్టేది కాదు. ఎంతో కొంత ఇస్తున్నాం కదా, యజమాని మంచివాడేనన్న భరోసాకు ఈ లెక్కలో చోటు లేదు. తేడా నెలకు 100 యూరోలు. ఆ నెలల్లో క్రెడిట్ కార్డు వాయిదా ఎగ్గొట్టకుండా కట్టి అద్దె తగ్గించిన కుటుంబం తెలియకుండానే తప్పుడు బాకీని ముందు తీర్చింది. సలహాదారులు మొదటి గంటలో చెప్పేది ఇదే. ముందు అద్దె, కరెంటు, ఆరోగ్య బీమా. తక్కినవి తరవాత.

రద్దు నోటీసు వచ్చాక కూడా ఒక తలుపు తెరిచి ఉంటుంది. ఇల్లు ఖాళీ చేయించమని యజమాని వేసిన దావా పసుపు కవరులో అందిన తేదీ నుంచి రెండు నెలల లోపు మొత్తం బాకీ చెల్లించినా, చెల్లిస్తామని ప్రభుత్వ కార్యాలయం రాతపూర్వకంగా హామీ ఇచ్చినా, ఆ తక్షణ రద్దు చెల్లదు. రెండేళ్ళలో ఒక్కసారే ఈ అవకాశం. చాలామంది ఇంతవరకు విని ఊపిరి పీల్చుకుంటారు. చిక్కంతా ఇక్కడే ఉంది. అనుభవమున్న యజమానులు ఒకే లేఖలో రెండు రద్దులు రాస్తారు, ఒకటి తక్షణ రద్దు, రెండవది మామూలు గడువుతో రద్దు. బాకీ తీర్చితే పోయేది మొదటిది మాత్రమే. రెండవది నిలిచే ఉంటుందని జర్మనీ సర్వోన్నత న్యాయస్థానం 2021 అక్టోబరులో మళ్ళీ ఖరారు చేసింది. ఐదేళ్ళ లోపు అద్దెదారుకు ఆ గడువు మూడు నెలలు. డబ్బంతా కట్టి కూడా ఇల్లు పోగొట్టుకోవచ్చన్నమాట. ఇది న్యాయంగా తోచదు. కాని నోటీసు రాకముందే బాకీ పూర్తిగా తీర్చితే తక్షణ రద్దుకు ఆధారమే ఉండదు. సలహాకు వెళ్ళవలసింది మొదటి నెల అద్దె తగ్గిన రోజునే, దావా వచ్చాక కాదు.

ఆ డబ్బు ఎక్కడిది? నిరాశ్రయులయ్యే ప్రమాదం ఉంటే అద్దె బాకీని ప్రభుత్వం భరించవచ్చు. జీవన భత్యం పొందుతున్నవారికి జాబ్‌సెంటర్, తక్కినవారికి సాంఘిక సంక్షేమ కార్యాలయం. జాబ్‌సెంటర్ ఇచ్చేది సాధారణంగా అప్పుగానే. ఖాళీ చేయించే దావా పడగానే న్యాయస్థానమే ఆ సంగతి సంక్షేమ కార్యాలయానికి తెలియజేస్తుంది కూడా. అప్పుడు ఆ కార్యాలయం అద్దెదారుకు లేఖ రాస్తుంది. అదీ చాలా ఇళ్ళలో సొరుగులోకే చేరుతుంది.

విదేశీయుడికి ఇక్కడ మరో భయం ఉంటుంది. సాయం అడిగితే వీసా పోతుందా? భయం పూర్తిగా నిరాధారం కాదు. నివాస అనుమతికి సొంత సంపాదనతో బతకగలగడం ఒక షరతు. 2023 నుంచి బ్యూర్గర్‌గెల్ట్ అన్న పేరుతో నడిచిన జీవన భత్యం ఆ షరతుకు తగులుతుంది. అయితే నివాస చట్టమే కొన్నిటిని ఆ లెక్క నుంచి తప్పించింది. పిల్లల భత్యమైన కిండర్‌గెల్ట్ (2025లో బిడ్డకు నెలకు 255 యూరోలు), తక్కువ జీతమున్న తల్లిదండ్రులకిచ్చే కిండర్‌త్సూష్లాగ్, ప్రసవానంతరం వచ్చే ఎల్టర్న్‌గెల్ట్, చందా కట్టి సంపాదించుకున్న నిరుద్యోగ భృతి, ఇవి తీసుకున్నందువల్ల అనుమతికి హాని లేదు. భృతి అందరికీ రాదు. గడిచిన 30 నెలల్లో కనీసం 12 నెలలు చందా కట్టి ఉండాలి. వస్తే చివరి నికర జీతంలో సుమారు 60 శాతం, పిల్లలుంటే 67 శాతం. ఉద్యోగం పోతుందని తెలిసిన మూడు రోజుల్లో నమోదు చేసుకోకపోతే ఒక వారం భృతి కోత. ఎవరో చెప్పిన మాట విని అన్నిటినీ ఒకే గాటన కట్టి, హక్కుగా వచ్చేదాన్ని కూడా వదులుకునేవారే ఎక్కువ నష్టపోతారు. ఏ భత్యం ఏ రకం అనుమతికి తగులుతుందో వలసదారుల సలహా కేంద్రాలు ఉచితంగా చెబుతాయి. వీటిని నడిపేది కారిటాస్, డియాకోనీ, అర్బైటర్‌వోల్‌ఫార్ట్ వంటి సంస్థలే.

అప్పుల సలహాను, జర్మన్‌లో షుల్డ్‌నర్‌బెరాటుంగ్‌ను, నడిపేదీ ఎక్కువగా ఈ సంస్థలూ పురపాలికలే. రుసుము తీసుకుని అప్పులు సరిచేస్తామని ప్రకటించే వ్యాపార సంస్థలు వేరు, వాటికి దూరంగా ఉండాలి. సలహాదారు మొదట నెల బడ్జెట్ రాయిస్తాడు, తరవాత అప్పుల పట్టిక. ఆ పట్టికలో ఆరోగ్య బీమా బాకీ ఉందేమో ప్రత్యేకంగా వెదుకుతాడు. ప్రభుత్వ బీమాలో రెండు నెలల చందా బాకీ పడి, హెచ్చరించినా కట్టకపోతే బీమా హక్కులు స్తంభిస్తాయి. తక్షణ అనారోగ్యం, నొప్పి, గర్భం, ప్రసవం, ముందస్తు పరీక్షలు తప్ప వాయిదా వేయదగిన చికిత్సకు డబ్బు రాదు. ఉద్యోగికి చందా జీతంలోనే కోతపడుతుంది. ఇరుక్కునేది విద్యార్థులు, సొంత పనివారు, రెండు ఉద్యోగాల మధ్య ఉన్నవారు. జర్మనీలో జనం అప్పుల్లో మునగడానికి కారణాల్లో నిరుద్యోగంతో పాటు అనారోగ్యం ఏటా పై వరసలోనే కనిపిస్తుంది. అప్పు మూలంగా వైద్యం ఆగడం ఆ సుడిలో రెండో చుట్టు.

పసుపు కవరులో దావాకు బదులు మాన్‌బెషైడ్ ఉంటే అది బాకీ చెల్లించమని న్యాయస్థానం పంపిన ఆజ్ఞ. ఆ బాకీ నిజమైనదా కాదా అని న్యాయస్థానం పరిశీలించి పంపదు. ఎప్పుడో రద్దు చేసుకున్న జిమ్ సభ్యత్వానికి కూడా రావచ్చు. అంగీకారం కాకపోతే రెండు వారాల్లో, కారణం చెప్పకుండానే, జతచేసిన ఫారం మీద అభ్యంతరం తెలిపి పంపితే చాలు. ఊరుకుంటే తరవాత వచ్చే అమలు ఆజ్ఞకు మరో రెండు వారాల గడువు. అదీ దాటితే ఆ బాకీని 30 ఏళ్ళ పాటు వసూలు చేసుకునే హక్కు ఖాయమవుతుంది. న్యాయవాది సలహా కావాలనుకుంటే, ఆదాయం తక్కువైనవారు స్థానిక న్యాయస్థానంలో సలహా పత్రం తీసుకుని 15 యూరోలతో ఆ సలహా పొందవచ్చు.

ఇక ఏ బడ్జెట్‌తోనూ తీరనంత అప్పు మిగిలితే దివాలా. 1999కి ముందు జర్మనీలోనూ సామాన్యుడికి విముక్తి లేదు, అప్పు జీవితాంతం వెంటాడేది. ఆ ఏడాది అమలులోకి వచ్చిన కొత్త చట్టం మిగిలిన అప్పును కొన్నేళ్ళ తరవాత రద్దు చేసే వీలు కల్పించింది. 2020 అక్టోబరు తరవాతి దరఖాస్తులకు ఆ కాలం మూడేళ్ళు. ముందుగా అప్పులవారితో రాజీకి ప్రయత్నించామని గుర్తింపు ఉన్న సలహా కేంద్రం నుంచి పత్రం తేవాలి. ఈలోగా ఖాతాను రక్షిత ఖాతాగా మార్చమంటే బ్యాంకు మార్చవలసిందే. నెలకు ఒక నిర్ణీత మొత్తం వరకు జప్తు తగలదు. అద్దె, తిండి ఖర్చులు అందులోంచే. విముక్తి తరవాత షూఫా అనే రుణచరిత్ర సంస్థ 2023 నుంచి ఆ నమోదును ఆరు నెలలకే తొలగిస్తోంది. ఇల్లు వెదుక్కునేటప్పుడు యజమాని అడిగే మొదటి కాగితాల్లో ఆ సంస్థ ఇచ్చేది ఒకటి.

సలహా కేంద్రాల్లో వారాల తరబడి వరస ఉంటుంది. అందుకే అద్దె, కరెంటు బాకీలున్నవారికి చాలాచోట్ల ముందస్తు అత్యవసర సమయం కేటాయిస్తారు. ఫోనులో మొదటే ఆ సంగతి చెప్పాలి, కవరు మీది తేదీ కూడా.