మడచెట్టును నమ్మిన బ్రతుకులు

చొల్లంగియొద్ద మొదలిడి, గోదావరి పాయలు కడలిని గలియు చోట్ల స్నానములు చేయుచు, అంతర్వేదిలో ముగించెడి సప్తసాగరయాత్రను గూర్చి మీరు వినియే యుందురు. కొందరు చేసియు నుందురు. ఆ యాత్రలో గౌతమి మొగల దగ్గర, ఉప్పుబురదలో వేళ్లూని నిలిచిన చెట్ల గుంపులు కనబడును. స్నానము మీది ధ్యాసతో బోవువార మగుటచే మనము వానిని పెద్దగా జూడము. అవియే మడచెట్లు. కోనసీమ యనగానే కొబ్బరితోటలు, వరిచేలు కన్నులకు గట్టును గాని, ఈ సీమకు సముద్రపు వైపు తలుపువలె నున్న యీ యడవిని దలచువారు తక్కువ.

కాట్రేనికోన, ఐ. పోలవరము ప్రాంతములందు కందికుప్ప, కొత్తపాలెము, బలుసుతిప్ప, మసానితిప్ప యను పేర్లతో నీ యడవులు గలవు. ఏరు కడలిలో గలియు చోటు మొగ. ఒండ్రు పేరుకొని లేచిన మిట్ట తిప్ప. పేళ్లలోనే ఆ నేల పుట్టుక యున్నది.

ఉప్పునీటిలో చెట్టు బ్రతుకుట యెట్లని మీకు సందేహము గలుగవచ్చును. తెల్లమడ వేళ్లు బురదనుండి మేకులవలె పైకి లేచి గాలి పీల్చును. ఎక్కువైన యుప్పును ఆకులు వెలిగ్రక్కును. ఆకును నాలుకకు దాకించి చూచినచో ఉప్పగా నుండును. పొన్నజాతి చెట్లది మరియొక వింత. వాని గింజ కొమ్మను వ్రేలాడుచుండగనే మొలకెత్తి, పొడవుగా బెరిగి, పిదపనే క్రిందపడి బురదలో పాతుకొనును. నడక వచ్చుదాక బిడ్డను చంకదింపని తల్లి మన కనబడుట లేదా?

రాలిన యాకులు కుళ్లి, చిన్న రొయ్యలకును చేపపిల్లలకును ఆహారమగును. వేళ్ల నడుమ మండపీతలు బొరియలు చేసికొనును. కాలువలలో వల వేయువారి బ్రతుకంతయు దీని మీదనే. తెల్లమడ యాకు గేదెలకు మేత. నైలాను రాకపూర్వము పొన్నజాతి చెట్ల బెరడును మరిగించి వలలకు రంగు పట్టించెడివారు. చేప వండని యిండ్లవారు ఈ గొడవ మనకేల యని పుట త్రిప్పివేయరాదు. తుపాను వచ్చునప్పుడు అది ఇల్లిల్లు విచారించి రాదు గదా! 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన గాలివాన మన తీరమున వేయిమందికి పైగా ప్రాణములు గొనిపోయినది. వేటకు బోయిన పడవవాండ్రెందరో తిరిగి రాలేదు. కొబ్బరితోటలు నేలగూలుట చూచినవారు నేటికిని దానిని మరువలేదు.

ఈ యడవి క్షీణించినదన్న మాట వచ్చినపుడెల్ల అధికారులు మొదట చూపినది కట్టెలు కొట్టుకొను స్త్రీల కొడవలిని, మేసెడి గేదెను. అది పూర్తి న్యాయము కాదు. తూర్పుతీరమున పూర్వము అడవిని భాగములుగా విభజించి, ఒక్కొక్క భాగమును మొదలంట నరికించెడి ప్రభుత్వపు పద్ధతి యుండెను. నరికినచోట మరల చెట్టు లేచునని వారి తలంపు. అట్లు జరుగలేదు. చిదంబరము దగ్గరి పిచ్చావరములో పరిశోధించిన ఎం. ఎస్. స్వామినాథన్ రీసెర్చ్ ఫౌండేషనువారు కారణము కనిపెట్టిరి. నీడ పోయిన బురద ఎండకు కుంగి పళ్లెమువలె గుంట వడును. పోటున వచ్చిన నీరు ఆటున వెనుకకు బోక అందే నిలిచి యావిరియగును, ఉప్పు మిగులును. అట్టి నేలలో ఎన్ని మొక్కలు పాతినను చచ్చును.

కావున చెట్టుకు ముందు నీటికి దారి చేయవలెను. 1990ల యుత్తరార్ధమున ఆ సంస్థయు, అటవీశాఖయు, పల్లెల సంఘములును గూడి గోదావరి, కృష్ణా ముఖద్వారములందు చేసినదిదే. ఏటినుండి యొక పెద్ద కాలువ, దానికి ఇరుప్రక్కల ఏటవాలుగా చిన్న కాలువలు: చూచుటకు చేప వెన్నెముకయు ముండ్లును వలె నుండును. కాలువ పైన వెడల్పు, అడుగున ఇరుకు. ఆ వాలుమీద మొక్క నాటుదురు. వేరు తడియును, తల మునుగదు. దినమునకు రెండు మారులు పోటునీరు వచ్చి యుప్పును కడిగికొని పోవును. అమావాస్యకు, పున్నమికి నీరెంతవరకు ఎక్కునో, అష్టమికి ఎంత తగ్గునో చదువులేని పల్లెకారునకు తెలిసినంత పటము గీచినవానికి తెలియదు. ఈ పని కుదురుటకు అదియే ముఖ్యకారణమని నాకు తోచును.

వనసంరక్షణ సమితులలో ఇంటికొక పురుషునితోపాటు ఒక స్త్రీకిని సభ్యత్వముండవలెనను నియమము మన రాష్ట్రమున 1990లలో వచ్చినది. మేలైన నియమమే. కాని అడవికి బోవలదని చెప్పినంతమాత్రమున పొయ్యి వెలుగదు. 1999లో వచ్చిన దీపము పథకపు గ్యాసుపొయ్యి, పొగరాని పొయ్యి, ఊరి ప్రక్క పెంచిన వంటచెరకు తోట, ఇవి యెంతవరకు అందెనో అంతవరకే మడ నిలిచినదని చెప్పవలెను. కృష్ణ మొగయొద్ద చేతులతోనే చేపలను, పీతలను పట్టి జీవించెడి ఏనాదులకు ఈ యడవి మరింత ముఖ్యము. వారికి పెద్ద పడవ లేదు, సెంటు పొలము లేదు.

ఇసుకమీద సరుగుడు నాటుటను నేను తప్పుపట్టను, గాలిని ఆపును. కాని అది పరదేశపు చెట్టు. దాని క్రింద పీత లేదు, రొయ్య లేదు. మొక్కల లెక్క వ్రాసికొను కచేరికి రెండును ఒక్కటే గావచ్చును, వల భుజాన వేసికొన్నవానికి కాదు.

ఆంధ్రదేశమున మడయడవి 2003లో 329 చదరపు కిలోమీటర్లని, 2021లో 405 అని ప్రభుత్వపు సర్వే. పెరిగినదంతయు మనుష్యులు నాటినది కాదు. కొత్త ఒండ్రుమీద తానుగా మొలిచినదియు గలదు. ఇక రొయ్యల చెరువుల సంగతి. తీరపు చెరువులను కట్టడి చేయుచు సుప్రీముకోర్టు 1996 డిసెంబరు 11న తీర్పు చెప్పినది. ఐనను చెరువులు మానలేదు. తెగులు వచ్చి నష్టపోయినవారు వానిని పాడువెట్టి పోవుటయు గలదు. అట్టి చెరువు గట్టును తెగగొట్టి, పూర్వపు కాలువలో గలిపినచో, దగ్గర తల్లిచెట్లున్న యెడల విత్తనము పోటునీటితోడనే లోనికి వచ్చును. నాటవలసిన పనియు తగ్గును. కాని ఆ నేల యెవరిదను తగవు తెమలునందాక గట్టుమీద పలుగు దింపువారుండరు.