పక్షవాతం: కంప్యూటర్ అంచనా తీర్పు కాదు

పక్షవాతంతో వచ్చిన రోగి ఎంతవరకు కోలుకుంటాడో డీప్ లెర్నింగ్ అనే పద్ధతిలో పనిచేసే కంప్యూటర్ ప్రోగ్రాములతో ముందే అంచనా వేసే పరిశోధనలు ముమ్మరంగా సాగుతున్నాయి. పాత రోగుల మెదడు స్కాన్లు, వాళ్లు కోలుకున్న తీరు చూసి ఈ ప్రోగ్రాములు నేర్చుకుంటాయి.

అపోహ: స్కాన్ చూపిస్తే చాలు, కంప్యూటర్ జాతకం చెప్పేస్తుంది.

వాస్తవం: అది చెప్పేది అవకాశం మాత్రమే. పక్షవాతం వచ్చిన 90 రోజుల తర్వాతి స్థితిని డాక్టర్లు ర్యాంకిన్ స్కేలుతో కొలుస్తారు. 0 అంటే ఏ ఇబ్బందీ లేదు, 6 అంటే మరణం. 2 లేదా అంతకంటే తక్కువ ఉంటే తన పనులు తాను చేసుకోగలడని లెక్క. చాలా ప్రోగ్రాములు రోగి ఆ గీతకు ఇటా అటా అన్నదే ఊహిస్తాయి. వయసు, వచ్చినప్పటి లక్షణాల తీవ్రత స్కాన్ అంత ముఖ్యం. ఆ తర్వాత అందే ఫిజియోథెరపీ, రాబోయే న్యుమోనియా తొలిరోజు స్కాన్‌లో కనిపించవు.

అపోహ: ఇంత టెక్నాలజీ ఉంది కదా, కాస్త ఆలస్యమైనా ఫర్వాలేదు.

వాస్తవం: మెదడు రక్తనాళంలోని రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు మామూలుగా నాలుగున్నర గంటలే గడువు. స్కాన్ చూసి ఎంపిక చేసిన కొందరికి 24 గంటల వరకూ గొట్టంతో గడ్డ తీయవచ్చని 2018లో డాన్ అధ్యయనం తేల్చింది. అది అందరికీ కాదు. మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా వెంటనే 108కి ఫోన్ చేయాలి.

అపోహ: ఫలితం బాగుండదని కంప్యూటర్ చెబితే చికిత్స దండగ.

వాస్తవం: అన్నిటికంటే ప్రమాదకరమైన అపోహ ఇదే. మెదడు ఎక్కువగా దెబ్బతిన్నవాళ్లకు గడ్డ తీసినా లాభం లేదని చాలాకాలం వదిలేసేవారు. 2023లో వచ్చిన సెలెక్ట్2 అధ్యయనం అలాంటి రోగులనే తీసుకుంది. మందులతోనే సరిపెట్టినవాళ్లలో 7 శాతం, గడ్డ తీసినవాళ్లలో 20 శాతం మంది తమ పనులు తాము చేసుకునే స్థితికి వచ్చారు. వీళ్లలో ఎవరి గురించి అడిగినా ప్రోగ్రాము ‘కోలుకోకపోవచ్చు’ అనే చెబుతుంది. ఆ అంచనా తప్పు కాదు. కానీ చికిత్స వల్ల అవకాశం దాదాపు మూడింతలైందన్న సంగతి ఆ ఒక్క అంకెలో లేదు. పైగా చికిత్స అందక మంచాన పడ్డవాళ్ల రికార్డులతోనే నేర్చుకుంటే, వాళ్లెందుకు పడ్డారో దానికేం తెలుస్తుంది?

కాబట్టి అంచనా చెప్పినప్పుడు డాక్టరుగారిని రెండు అంకెలు అడగండి: చికిత్స చేస్తే ఎంత, చేయకపోతే ఎంత?