మంత్రాలు ఎంచుకోవడం ఎట్లా?

నేస్తాల్లారా, సెలవుల్లో ఒక అక్క మాకు డంజన్స్ అండ్ డ్రాగన్స్ నేర్పింది. 1974లో అమెరికాలో వచ్చిన ఆట ఇది. పాచికలు వేస్తూ కథ నడపాలి. నేను డ్రూయిడ్‌ని, అంటే అడవి మంత్రాలు తెలిసినదాన్ని. (మేడం, ఇది చేతబడి కాదండీ, ఉత్త ఆటే!)

మొదటి లెవెల్‌లో చిన్నవి ఎన్నైనా వేయొచ్చు, పెద్ద మంత్రాలు మాత్రం రోజుకి రెండే. మొదటి రోజు ఫేరీ ఫైర్ వేశా. ఇద్దరు గోబ్లిన్ల ఒంటికి వెలుగు అంటుకుంది, మావాళ్ల దెబ్బలు బాగా తగిలాయి. ఆశ పుట్టి వెంటనే ఎంటాంగిల్ కూడా వేశా. తీగలు లేచాయి, వెలుగు ఆరిపోయింది! రెండూ మనసు నిలిపి పట్టుకోవాల్సినవే. ఒకసారి ఒకటే నిలుస్తుందంట. ఇంతలో నా పక్క మంచం అమ్మాయి వీరుడు పడిపోయాడు. లేపడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు. తను రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఇప్పుడు పట్టి ఉంచే మంత్రం ఒకటే వేస్తా. గోబ్లిన్లకు బలం తక్కువ, చురుకు ఎక్కువ. అందుకని తీగలు. చిక్కినవాడు కదలలేడు, వాణ్ణి కొట్టడమూ సులువే, ఇంక వెలుగెందుకు? ఓగర్ రాక్షసుడైతే తీగలు తెంపేస్తాడు, కానీ తప్పుకోలేడు. వాడికి వెలుగు. నాకు దెబ్బ తగిలితే పట్టు తప్పొచ్చు, అందుకే చెట్టు చాటున ఉంటా.

రెండోది హీలింగ్ వర్డ్‌కి దాచుకుంటా. 60 అడుగుల దూరం నుంచే పనిచేస్తుంది.

పోయిన ఆదివారం ఆ వీరుడు మళ్ళీ పడ్డాడు. లేపాను.