విన్న పాఠం చాలదు, చెయ్యి తిరగాలి



రెండు నెలల లోపు పసిబిడ్డ నిమిషానికి 60 సార్లు గానీ, అంతకుమించి గానీ ఊపిరి తీస్తుంటే అది ప్రమాద సూచన. న్యుమోనియా వంటి జబ్బు కావచ్చు. ఈ సంగతి గ్రామ ఆరోగ్య కార్యకర్తలు శిక్షణలో వింటారు. పరీక్షలో అడిగితే రాస్తారు కూడా. కానీ వెలుతురు చాలని ఇంట్లో, కదులుతున్న బిడ్డ ఛాతీ మీది బట్ట తొలగించి, గడియారం చూస్తూ నిండు నిమిషం లెక్కపెట్టడం వేరే విద్య. ఆ లెక్క తప్పితే బిడ్డను ఆసుపత్రికి చేర్చవలసిన సమయం చేజారిపోతుంది.

అందుకే ఆరోగ్య కార్యకర్తలకు సామర్థ్య ఆధారిత శిక్షణ కావాలంటున్నాము. ఎన్ని రోజులు తరగతికి వచ్చారు అన్నది ఇక్కడ కొలత కాదు. ఈ పనిని ఎవరి సాయం లేకుండా, సరిగా చేయగలరా అన్నదే కొలత.

ఎలా నేర్పాలి?

1. పనిని మెట్లుగా విడగొట్టాలి. శ్వాస లెక్కించడంలోనే బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు చూడడం, నిండు నిమిషం లెక్కించడం, 60 గానీ, అంతకుమించి గానీ వస్తే మరోసారి లెక్కించడం అనే మెట్లున్నాయి.

2. శిక్షకులు ముందుగా చేసి చూపాలి.

3. తరువాత చేయించాలి. మొదట బొమ్మ మీద, ఆపైన వార్డులో బిడ్డల దగ్గర. శిక్షకురాలు, నేర్చుకొనేవారు ఒకే బిడ్డ శ్వాసను విడివిడిగా లెక్కించి పోల్చుకుంటే తేడా అక్కడే తెలుస్తుంది.

4. చెక్‌లిస్టు పట్టుకొని పరీక్షించాలి. ఏ మెట్టు తప్పిందో దాన్నే మళ్ళీ నేర్పాలి.

5. కొన్ని నెలల తరువాత ఊళ్ళోనే మరల చూడాలి. వాడని విద్య మరుగున పడుతుంది.

గడ్చిరోలి చెప్పే పాఠం

తెలంగాణకు ఆనుకొని ఉన్న మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలో డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ దంపతుల 'సెర్చ్' సంస్థ 1990లలో 39 గ్రామాల్లో ఊరి మహిళలకే నవజాత శిశు సంరక్షణ నేర్పింది. బిడ్డను తూచడం, ఊపిరందని బిడ్డను ఆదుకోవడం, ఇన్ఫెక్షన్‌ను గుర్తించి మందు ఇవ్వడం వారు నేర్చుకున్నారు. 1999లో 'లాన్సెట్' పత్రికలో వచ్చిన ఫలితాల ప్రకారం, పోలికకు తీసుకున్న గ్రామాలతో చూస్తే మూడో ఏటికి నవజాత శిశు మరణాలు సుమారు 62 శాతం తగ్గాయి. ఇది ఒక్క శిక్షణ వల్లే కాలేదు. మందులు, ఇంటింటి సందర్శన, తరచు పర్యవేక్షణ తోడైనందువల్లే సాధ్యమైంది. తూకం యంత్రం చేతికివ్వకుండా తూచడం నేర్పితే ఫలితమేముంది?

2011లో భారత ప్రభుత్వం ఇంటివద్ద నవజాత శిశు సంరక్షణను ఆశా కార్యకర్తలకు అప్పగించింది. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డను 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో వారు చూడాలి. ఇంట్లో పుడితే మొదటి రోజు కూడా వెళ్ళాలి.

కుటుంబాలకు మా మనవి

ఆశమ్మ వచ్చినప్పుడు తొందరపెట్టకండి. బిడ్డ నిమ్మళంగా ఉన్నప్పుడు నిండు నిమిషం లెక్కించనివ్వండి, తూచనివ్వండి. ఆసుపత్రికి వెళ్ళమంటే తెల్లవారేదాకా ఆగకండి. ఆమె చెయ్యి తిరిగిన పనిమంతురాలైతే, మీ బిడ్డకు మొదటి రక్షణ మీ గుమ్మంలోనే ఉన్నట్టు.