వెనుక చక్రపు ఇరుసు నట్టు

మోటారు సైకిలు వెనుక చక్రపు ఇరుసును స్వింగ్ ఆర్మ్‌కు బిగించి ఉంచు నట్టును ఇరుసు నట్టు అందురు. చైను బిగువు సరిచేయునపుడు దీనిని వదులు చేయుదురు. తిరిగి బిగించునపుడు ఇరుసు కొద్దిగా జరుగవచ్చును. కావున పిమ్మట చైను బిగువును మరల చూడవలెను. ఇరుప్రక్కల గుర్తులు సమానముగా లేనిచో చక్రము వంకరగా నిలుచును.

బిగింపును టార్క్ రెంచితో కొలుచుదురు. ఎంత బిగించవలెనో బండితో వచ్చు పుస్తకములో ఉండును. ఉదాహరణకు 60 న్యూటన్ మీటర్లకు, పావు మీటరు పానా చివర 240 న్యూటన్ల బలము, అనగా సుమారు 24 కిలోల బరువు, చాలును. పానాకు గొట్టము తొడిగి పొడవు రెట్టింపు చేసినచో అదే బలముతో 120 వచ్చును; మరలు పాడగును. ఈ అలవాటు మంచిది కాదు. వదులైనచో అంతకన్న ప్రమాదము: ఇరుసు జరిగి చైను ఊడి, చక్రము హఠాత్తుగా ఆగిపోవచ్చును.

స్ప్లిట్ పిన్ను ఉన్నచో ప్రతిసారి క్రొత్తది వేయవలెను. రంధ్రములు కలియనిచో నట్టును వెనుకకు త్రిప్పక, మరికొంచెము బిగించి కలుపుదురు.